"ఏ పైపు?" అని అడిగిన సారుకి 7,670 కట్టాను, మీరు కట్టకండి

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ళలో షార్ట్ ఫిల్మ్ పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు, అందుకే రాస్తున్నాను. "తెలుగులోనే స్క్రీన్‌ప్లే వర్క్‌షాప్, ఒక వంటింటి సినిమాని సీను సీనుగా విప్పి చూపిస్తాం, నాట్యశాస్త్రం నుంచి హాలీవుడ్ దాకా" అని ఒక పోస్టర్ తిరుగుతోంది, మీ ఆఫీసు గ్రూపుల్లోకి కూడా వచ్చే ఉంటుంది. శని, ఆదివారాలు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక అద్దె హాలు. నడిపేవాళ్ళ పేరు రాయను, లీగల్ నోటీసు పంపుతామని ఇప్పటికే ఒకసారి అన్నారు, ఆ టెన్షన్ నాకెందుకు.

ఫీజు 6,500. దాని మీద 18 శాతం జీఎస్టీ, 1,170. మొత్తం 7,670 రూపాయలు. రెండు రోజులూ పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా క్లాసు, సినిమా మొత్తం బ్రేక్‌డౌన్, మన స్క్రిప్టు పది పేజీలు పంపితే ఒక్కొక్కరికీ విడిగా ఫీడ్‌బ్యాక్ అని చెప్పారు. సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్'. నేను బుట్టలో పడింది అక్కడే. జియో బేబీ తీసిన మలయాళం సినిమా, 2021 జనవరిలో ఓటీటీలో వచ్చింది, నిమిషా సజయన్, సూరజ్ వెంజారమూడు భార్యాభర్తలు. కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డుతో పాటు స్క్రీన్‌ప్లేకి కూడా అవార్డు ఇచ్చింది. నేను రెండుసార్లు చూశాను. రెండోసారి మా రూమ్మేట్‌తో కలిసి చూస్తుంటే ఆ అమ్మాయి సగంలో లేచి వెళ్ళి సింకులో ఉన్న గిన్నెలన్నీ కడిగేసి వచ్చి కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. పెళ్ళవుతుంది, వండుతుంది, తుడుస్తుంది, కడుగుతుంది, మళ్ళీ వండుతుంది, ఒకరోజు వెళ్ళిపోతుంది. ఇంతే సరుకుతో మనల్ని గంటన్నర పైన కదలకుండా ఎలా కూర్చోబెట్టాడు అనేది నాకు నిజంగానే అర్థం కాలేదు, అది ఎవరైనా విప్పి చెబితే ఏడున్నర వేలు ఎక్కువేం కాదనుకుని కళ్ళు మూసుకుని యూపీఐ కొట్టేశాను.

శనివారం పదింటి క్లాసు పదకొండుంపావుకి మొదలైంది. సార్ సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారట, సరే, ఈ ఊళ్ళో ఆ ఒక్క కారణానికి ఎవరినైనా క్షమించాలి. ఇరవైమందిదాకా ఉన్నాం, దాదాపు అందరూ ఐటీ వాళ్ళమే. స్పైరల్ బైండింగ్ చేసిన ఒక పుస్తకం చేతికిచ్చారు, పద్నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఇలా ఉంది: నాయిక పేరు మీరా. లక్ష్యం: పెద్ద షెఫ్ కావడం. విలన్: అత్తగారు.

సినిమా చూసినవాళ్ళకి ఇక నేనేం చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ఈ సినిమాలో ఆ భార్యకి పేరే లేదు, భర్తకీ లేదు. మర్చిపోయి వదిలేసింది కాదు, కావాలనే పెట్టలేదు. ఆమెకి షెఫ్ కావాలనే కోరిక ఎక్కడా ఉండదు, ఆమెది డ్యాన్సు, డ్యాన్స్ టీచర్ ఉద్యోగానికి అప్లై చేసుకుంటానంటే మామగారు వద్దంటారు. ఇక అత్తగారు. ఆ ఇంట్లో కోడలి పక్కన నిలబడి పనిచేసేది ఆవిడొక్కతే. మొగుడికి పేస్టు వేసి మరీ బ్రష్షు చేతికందించే మనిషి ఆవిడ, ఆవిణ్ణి తీసుకెళ్ళి విలన్‌ని చేశారు. మన టీవీ సీరియల్ అలవాటు అయ్యుండాలి, లేకపోతే ఏఐని అడిగి అది చెప్పింది చూడకుండా ప్రింటు తీసి ఉండాలి. నా అనుమానం రెండోదే.

"సార్, సినిమాలో పేర్లు లేవు కదా" అన్నాను. "అది వర్కింగ్ నేమ్ మేడమ్" అన్నారు.

తర్వాత పదిహేను గళ్ళ చార్టు ఒకటి స్క్రీన్ మీద వేసి, "ఇది మా పదేళ్ళ పరిశోధన" అన్నారు. 12వ పేజీలో కుదుపు, 55వ పేజీలో మిడ్‌పాయింట్, 75వ పేజీలో అంతా పోయినట్టు అనిపించడం. ఇది బ్లేక్ స్నైడర్ అనే అమెరికన్ రచయిత 2005లో రాసిన పుస్తకంలో పేజీ నంబర్లతో సహా ఉంది. ఆయన 110 పేజీల హాలీవుడ్ స్క్రిప్టుకి వేసిన లెక్క అది. ఆ చార్టు చెడ్డదని నేననను, చాలా సినిమాలకి సరిపోతుంది. కానీ ఇంకొకరి చార్టుని సొంత పరిశోధన అని అమ్మడం ఒక ఎత్తు, దానికి అస్సలు సరిపోని సినిమాని అందులో కుక్కడం ఇంకో ఎత్తు. 'లంచ్‌బాక్స్' తీసుకుని ఉంటే సారుగారి బండి హాయిగా నడిచేది. రితేశ్ బత్రా సినిమా, 2013, క్యారేజీ ఒకరికి వెళ్ళాల్సింది ఇంకొకరికి వెళ్తుంది, కథ అక్కడ మొదలవుతుందని చిన్నపిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఈ కిచెన్ సినిమాలో అలాంటి కుదుపు ఎక్కడుంది? మామగారు ఏం అడిగినా గొంతు పెంచకుండా అడుగుతారు. అన్నం కుక్కర్లో వద్దమ్మా, కట్టెల పొయ్యి మీద వండు. చట్నీ మిక్సీలో కాకుండా రోట్లో రుబ్బితే బాగుంటుంది. బట్టలు మిషన్‌లో వేస్తే పాడవుతాయి. వీటిలో ఏది కుదుపు? ఏదీ కాదు. ఒకదాని మీద ఒకటి పేరుకోవడమే కథ.

మలుపు అని ఒకదాన్ని చూపించమంటే నేను అత్తగారు వెళ్ళిపోవడాన్ని చూపిస్తాను. కూతురికి నెలలు నిండుతున్నాయని ఆవిడ ఆ ఊరు వెళ్తుంది. మామూలు సినిమాలో మలుపు అంటే ఎవరో వస్తారు. ఇక్కడ ఒక మనిషి తగ్గుతుంది, రెండు జతల చేతులు చేసే పని ఒక జత మీద పడుతుంది, అంతే. ఆ తర్వాత హోటల్ సీను. ఇంట్లో భోజనాల బల్ల మీద నమిలిన పిప్పి అలాగే వదిలేసే భర్త హోటల్లో మాత్రం శుభ్రంగా పళ్ళెం పక్కన పెట్టుకుంటాడు. ఆమె నవ్వుతూనే ఆ మాట అంటుంది. అతను అలుగుతాడు, చివరికి సారీ చెప్పేది ఆమే. అంటే అతనికి తెలియక కాదు, ఇంట్లో అక్కర్లేదనుకున్నాడు. ఈ సీను గురించి ఆ పద్నాలుగు పేజీల్లో ఒక్క లైను లేదు.

ఇక పైపు. అన్నిటికంటే నా కడుపు మండింది దీని దగ్గరే. సినిమాలో సింకు కింద పైపు కారుతూ ఉంటుంది. ప్లంబర్‌ని పిలవమని భర్తకి చెబుతుంది, చూస్తానంటాడు, మర్చిపోతాడు, మళ్ళీ చెబుతుంది. గోనెపట్టా వేస్తుంది, బకెట్ పెడుతుంది, ఆ నీళ్ళు చేత్తో ఎత్తి పోస్తుంది, రాత్రి పడుకునేటప్పుడు కూడా చేతికి ఆ వాసనే. ఇంట్లో అయ్యప్ప మాలలు వేసుకున్నాక, ఆ మురికినీళ్ళే వెళ్ళి భర్త మీదా మామగారి మీదా పడతాయి. కథ మొత్తం ఆ బకెట్లో బొట్టు బొట్టుగా నిండుతోందని అప్పుడు వెలుగుతుంది మనకి. మన నాట్యశాస్త్రం చెప్పే పంచసంధుల్లో, అంటే కథ నడిచే ఐదు దశల్లో, మొదటిదైన ముఖసంధిలో బీజం నాటాలంటారు కదా, చిన్నగా పడి పోనుపోను విస్తరించి చివర ఫలంగా తేలేది, అది ఇదే. పోస్టర్ మీద నాట్యశాస్త్రం అని అంత లావు అక్షరాలతో వేశారు కాబట్టి ఈ మాటొస్తుందని ఎదురుచూశాను. ఒక స్లైడ్ వచ్చింది, భరతముని బొమ్మ ఉంది, పోయింది.

ఆదివారం చేయెత్తి అడిగాను, "సార్, మీ చార్టులో పైపు ఏ గడిలోకి వస్తుంది?"

"ఏ పైపు?"

హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. సార్ వాచీ చూసుకుని లంచ్ బ్రేక్ ఇచ్చారు, రెండు గంటలు.

నాకు ఈ పైపు సంగతి పుస్తకాల్లోంచి రాలేదు. మారతహళ్ళిలో మేముండే ఇంట్లో సింకు కింద కప్లింగ్ దగ్గర ఆరు నెలలుగా కారుతోంది, ఓనర్ అంకుల్ ప్రతి ఒకటో తారీఖునా "నాళె మాడ్సోణమ్మా" అంటారు, ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పాత టీషర్టు ఒకటి చుట్టి కింద పెయింట్ డబ్బా పెట్టాం. రాత్రిపూట ఆ చప్పుడు వింటూ పడుకునేవాళ్ళకి ఈ సినిమా స్ట్రక్చర్ ఎవరూ వివరించక్కర్లేదనుకుంటా. నేనే అనవసరంగా హెచ్‌ఎస్‌ఆర్ దాకా వెళ్ళాను.

ఫీడ్‌బ్యాక్ సంగతి కూడా వినండి. నా పది పేజీలకి వచ్చిన మెయిల్: "ముఖ్యపాత్ర లక్ష్యం స్పష్టంగా లేదు, మిడ్‌పాయింట్‌లో స్టేక్స్ పెంచండి." క్లాసయ్యాక కింద దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతూ నేనూ ఇంకో ఇద్దరూ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒకరిది దెయ్యం కథ, ఇంకొకరిది నాలుగు పేజీల కామెడీ. ముగ్గురికీ అదే వాక్యం, కామాతో సహా.

న్యాయంగా చెప్పాలంటే శనివారం ఒక అరగంట, సీన్ హెడింగ్ ఎలా రాయాలి, సాఫ్ట్‌వేర్‌లో ఫార్మాట్ ఎలా పెట్టాలి అని చెప్పింది పనికొచ్చింది. మిగతాదంతా సర్టిఫికెట్లు పట్టుకుని ఫోటోలు.

సోమవారం రీఫండ్ అడిగాను. "క్లాసుకి అటెండ్ అయ్యారు కదా మేడమ్, పాలసీ లేదు" అన్నారు. కనీసం బిల్లు పంపమన్నాను. ఒక రసీదు బొమ్మ పంపారు, జీఎస్టీ 1,170 అని ఉంది, జీఎస్టీ నంబర్ మాత్రం లేదు. మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అన్నకి చూపిస్తే ఆయన నవ్వారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు అసలు జీఎస్టీ వసూలు చేయకూడదట, ఉంటే 15 అక్షరాల నంబర్ రసీదు మీద ఉండాలట, కర్ణాటకదైతే 29తో మొదలవుతుంది, జీఎస్టీ సైట్లో కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. డబ్బు వెళ్ళింది కూడా ఒక వ్యక్తి పేరు మీదున్న ఖాతాకి, ఇది నేను కట్టేటప్పుడే స్క్రీన్ మీద చూశాను, చూసి కూడా కట్టాను, ఆ తప్పు నాదే. నంబర్ ఏదని గ్రూపులో అడిగిన పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశారు.

కాబట్టి మీలో ఎవరైనా ఇలాంటి క్లాసుకి వెళ్ళాలనుకుంటే ముందు ఫోన్ చేసి ఆ సినిమాలో మీకు బాగా గుర్తున్న ఒక చిన్న సీను గురించి అడగండి, పోస్టర్‌లో లేనిది. చూసినవాడు ఆపకుండా మాట్లాడతాడు, చూడనివాడు "అవన్నీ క్లాసులో కవర్ చేస్తాం" అంటాడు. పాత నోట్సు ఒక పేజీ చూపించమనండి. జీఎస్టీ అడిగితే నంబర్ అడగండి. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్ళుంటే పోస్టర్, రసీదు, చాట్లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, గ్రూపులోంచి తీసేయకముందే. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, వివరాలు రాసుకుని ఫిర్యాదుకి ఒక డాకెట్ నంబర్ ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను, 5 లక్షల లోపు కేసులకి ఫీజు కూడా లేదు. ఆ దర్శిని ఇద్దరూ కూడా వేస్తామంటున్నారు. ఆ బ్యాచ్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి.

నిన్న కొత్త బ్యాచ్ పోస్టర్ వచ్చింది. ఫీజు 7,500 చేశారు. కింద ట్యాగ్‌లైన్ "మీరా వంటింటి నుంచి మీ స్క్రిప్టు దాకా".