గోల్కొండలో ‘అర్ధరాత్రి దయ్యాల నడక’: డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి

గోల్కొండ కోట లోపల అర్ధరాత్రి దయ్యాల నడక అని సామాజిక మాధ్యమాల్లో తిరుగుతున్న ఒక ప్రకటనను నమ్మి, మనిషికి 1,800 రూపాయల చొప్పున నలుగురికి 7,200 రూపాయలు కట్టి, ఆ పైన మరో 2,500 రూపాయలు పోసి దయ్యాలను కనిపెడుతుందన్న ఒక యంత్రాన్ని కూడా కొని మోసపోయిన దానిగా ఈ హెచ్చరిక రాస్తున్నాను. దయ్యాలు ఉన్నాయా లేవా అన్న వాదనలోకి నేను వెళ్లదలచుకోలేదు. ఇంటి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సుద్దముక్కతో రాసుకున్న వీధిలో పెరిగిన దాన్ని. పొద్దుగూకాక చింతచెట్టు కిందికి పోనివ్వని నాయనమ్మ చేతి ముద్దలు తిన్నదాన్ని. ఆ భయాన్ని ఎగతాళి చేయడం నాకు చేతకాదు. నా ఫిర్యాదల్లా ఆ భయానికి వెల కట్టి, తమది కానిదాన్ని అమ్ముకున్నవారి మీదనే.

దసరా సెలవులకు గుంటూరు నుంచి మా తమ్ముడు, మరదలు వచ్చారు. ఏదైనా కొత్తగా చూపిద్దామని వెతుకుతుండగా ఆ ప్రకటన కంటపడింది. ‘ప్రత్యేక అనుమతితో కోట లోపల, రాత్రి పదకొండు నుంచి రెండు గంటల వరకు’ అని అందులో స్పష్టంగా రాసి ఉంది. డబ్బు సంస్థ ఖాతాకు కాక ఒక వ్యక్తి ఫోన్ నంబరుకు పంపమన్నారు, రశీదు ఇవ్వలేదు, ‘మీ సీట్లు ఖాయం’ అన్న వాట్సాప్ సందేశం ఒక్కటే వచ్చింది. మా వారు అప్పుడే అనుమానపడ్డారు. అన్నిటికీ అనుమానమేనా అని ఆయన్ను నేనే కసిరాను కనుక, ఈ తప్పులో నా వాటా నాకుంది.

ఆ రాత్రి చెప్పిన చోటికి పధ్నాలుగు మందిమి చేరాం. కోట ద్వారం మూసి ఉంది. మూసి ఉండక ఏమవుతుంది? గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1959 నాటి నిబంధనల ప్రకారం ఇటువంటి కట్టడాల్లోకి సందర్శకులను సాధారణంగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అనుమతిస్తారు. సాయంత్రం జరిగే ధ్వని-కాంతి ప్రదర్శనకు వేరే టికెట్టు ఉంటుంది, అది ముగిశాక అందరినీ బయటికి పంపేస్తారు. అనుమతి పత్రం చూపించమని అడిగితే, మమ్మల్ని తిప్పడానికి వచ్చిన కుర్రవాడు ‘ఈ రోజు లోపల శక్తి ఎక్కువగా ఉందట, అందుకే అధికారులు వద్దన్నారు’ అని జవాబిచ్చాడు. తన మాటకు సాక్ష్యంగా రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట ముందున్న బోర్డు ఫొటోను ఫోన్‌లో చూపించి, చీకటి పడ్డాక లోపలికి రాకూడదని ప్రభుత్వమే రాసింది, అంటే దయ్యాలున్నాయని ప్రభుత్వమే ఒప్పుకుంది కదా అన్నాడు. ఆ బోర్డు నిజమే, అందులో ఆ ఆంక్ష ఉన్న మాటా నిజమే. దయ్యం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పురావస్తు శాఖ చేతిలో ఉన్న కట్టడాలకు మామూలుగా ఉండే నిబంధననే అక్కడా రాశారు. ఈ ఒక్క ఫొటోతో ఎందరి నోళ్లు మూయిస్తున్నారో అనిపించింది నాకు.

లోపలికి వెళ్లలేకపోయాం కనుక వెలుపలి ప్రాకారం వెంబడి సందుల్లో తిప్పారు. ఆ ప్రాకారం లోపల తరతరాలుగా కాపురాలున్నాయని, పిల్లలు బడికి వెళ్లే ఇళ్లున్నాయని హైదరాబాదు వాళ్లకు చెప్పనక్కరలేదు. అటువంటి ఒక ఇంటి గోడ దగ్గర మమ్మల్ని నిలబెట్టి, లైట్లు ఆర్పించి, ఇక్కడే ఆస్థాన నర్తకి తారామతిని ఔరంగజేబు సైనికులు చంపారని, ఆమె గజ్జెల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుందని గొంతు తగ్గించి చెప్పాడు. తారామతి కథ అబ్దుల్లా కుతుబ్ షా కాలానికి, అంటే 1626 నుంచి 1672 వరకు సాగిన ఏలుబడికి చెందింది. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలల ముట్టడి తరువాత కోటలో అడుగుపెట్టింది 1687లో. ఆమెదని చెప్పే సమాధి కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంలోనే ఉంది, పగటిపూట ఎవరైనా చూడవచ్చు. కథకు కాళ్లుండవని నాకు తెలుసు, కానీ 1,800 రూపాయలు తీసుకున్న కథకు కనీసం తేదీలైనా కుదరాలి. ఇంతలో పక్కింటి అరుగు మీద పడుకున్న పెద్దాయన లేచి, ‘ఇక్కడ మేం సంసారాలు చేసుకుంటున్నామమ్మా, రోజూ ఎవరో ఒకరిని తెచ్చి మా గుమ్మం ముందు నిలబెడుతున్నారు’ అన్నాడు. ఆ రాత్రి నేను నిజంగా తల దించుకున్నది ఆ మాటకే.

కోటలో గొంతులు వినిపిస్తాయన్న మాటకు ఒక ఆధారం లేకపోలేదు. ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిసార్ దాకా వినిపించేలా ఆ నిర్మాణం ఉంది. శత్రువు రాకను పైవారికి తెలియజేయడానికి చేసుకున్న ఏర్పాటది. పగలు పాతిక రూపాయల టికెట్టు కొనుక్కున్న ప్రతివాడూ ఆ చప్పుడు విని మురిసిపోతాడు. అదే సంగతి తెలియనివాడికి ఎవరూ లేని చోట ఎవరో పిలిచినట్టు అనిపిస్తే వింతేముంది?

ఇక యంత్రం సంగతి. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె, దాని మీద ఆకుపచ్చ నుంచి ఎరుపు వరకు ఐదు దీపాలు. ఆత్మ దగ్గరికి వస్తే ఎరుపు వెలుగుతుందని చెప్పారు. వెలిగింది కూడా, ఒక ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం పక్కన. మరోసారి ఆ కుర్రవాడు అదే చేతిలో తన ఫోన్‌ను కూడా పట్టుకున్నప్పుడు వెలిగింది. ఇంటికి తెచ్చాక చూస్తే ఫ్రిజ్ వెనుక, ఇన్వర్టర్ మీద, తిరుగుతున్న మిక్సీ పక్కన ఎరుపు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. అది విద్యుదయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మామూలు మీటరు. మన ఇళ్ల తీగల్లో సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటూ పారే కరెంటు చుట్టూ ఆ క్షేత్రం ఎప్పుడూ ఉంటుంది. వైరింగు పనివాళ్లకు అది ఉపయోగపడే వస్తువే కావచ్చు. దయ్యాలను కనిపెడుతుందని అమ్మడం మాత్రం అబద్ధం. పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర లేదు, తయారు చేసినవారి పేరు గానీ దిగుమతి చేసినవారి పేరు గానీ లేదు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవి తప్పనిసరిగా ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఆత్మలతో మాట్లాడిస్తుందని గరగరలాడే ఇంకో పెట్టె కూడా తెచ్చారు. ఎఫ్ఎం స్టేషన్లను ఒకదాని తరువాత ఒకటి క్షణంలో మార్చుకుంటూ పోయే రేడియో అది. అందులోంచి ‘రండి’ అన్న ముక్క వినబడగానే మా మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నిజమైన ప్రమాదం ఆ తరువాత మొదలైంది, ఈ పోస్టు రాయడానికి అసలు కారణం కూడా అదే. మర్నాడు మరదలికి తలనొప్పి వచ్చింది. నిద్ర లేక, రాత్రి రెండింటి దాకా మంచులో తిరిగి వచ్చినందువల్లనే అనుకోండి. ఎలా ఉన్నారని పరామర్శగా ఫోను చేసిన నిర్వాహకుడు ఆ మాట పట్టుకుని, ‘మీ వాళ్లకు గాలి సోకినట్టుంది, మా గురువుగారితో మాట్లాడిస్తాను’ అన్నాడు. గురువుగారు మనిషిని చూడకుండానే వెంట ఏదో వచ్చిందని తేల్చి, రక్షరేకుకు, శాంతికి కలిపి 21,000 రూపాయలవుతుందని, మూడు రోజులు దాటితే తన చేతిలో కూడా ఉండదని భయపెట్టాడు. మాకు తెలియకుండా ఆ పిల్ల 5,000 రూపాయలు పంపేసింది. నడకకు వచ్చిన మరో ఇద్దరితో మాట్లాడితే, వాళ్లకూ అదే మాట, అదే గడువు, అదే 21,000. నడక టికెట్టు కేవలం ఎర అని, ఎవరు బాగా భయపడుతున్నారో చూసుకోవడానికే మమ్మల్ని ఆ చీకట్లో తిప్పారని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు.

డబ్బు తిరిగి ఇమ్మంటే, ‘దయ్యం కనిపిస్తుందని మేం హామీ ఇవ్వలేదు’ అన్నారు. నేను అడిగింది దయ్యాన్ని కాదు, కోట లోపలికి ప్రవేశాన్ని. ప్రకటనలో లేనిది ఉన్నట్టు చూపి అమ్మడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనే అవుతుంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. గురువుగారికి పంపిన సొమ్ము గురించి సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాం. మీలో ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉంటే ప్రకటన, చెల్లింపు వివరాలు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకుండా తెరచిత్రాలుగా (స్క్రీన్‌షాట్లుగా) దాచుకోండి. వాళ్లు తమ పోస్టును మరునాటికే తీసేశారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి రెండేళ్ల గడువుంది, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపయితే రుసుము కూడా లేదు.

ఫిర్యాదు నమోదైన పదకొండో రోజున నడక తాలూకు 7,200 రూపాయలు తిరిగి వచ్చాయి, ఒక్క ముక్క సంజాయిషీ లేకుండా. మరదలి 5,000 ఇంకా రాలేదు. యంత్రాన్ని మా ఖర్చుతో తిరిగి పంపితే దాని డబ్బు సంగతి ఆలోచిస్తామంటున్నారు. ముందు దానికి రశీదు రాసి పంపమన్నాను. అది వచ్చేదాకా ఆ పెట్టె కమిషన్ ముందు పెట్టవలసిన సాక్ష్యంగా మా బీరువాలోనే ఉంటుంది.