కదలని అంకె: ఆపరేషన్ థియేటర్ల బీఎంఎస్‌తో ఆరేళ్లు

హైదరాబాద్‌లోని ఒక రెండు వందల పడకల ఆసుపత్రిలో ఇంజినీరింగ్ విభాగం బాధ్యతలు చూస్తూ ఆరేళ్లుగా ఒకే బీఎంఎస్‌ను, అంటే భవనంలోని యంత్రాలను ఒకే చోటి నుంచి గమనించి నడిపే కంప్యూటర్ వ్యవస్థను, వాడుతున్నాను. చిల్లర్లు (నీటిని చల్లబరిచే యంత్రాలు), ఏహెచ్‌యూలు (గాలిని శుద్ధి చేసి, చల్లబరిచి గదుల్లోకి పంపే యంత్రాలు), పంపులు అన్నీ ఒకే తెర మీద కనిపించడం గురించి ఈ రంగంలోని వారికి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. నా ఫిర్యాదంతా ఆ తెర మీది ఒక్క అంకె గురించి. థియేటర్‌కూ బయటి కారిడార్‌కూ మధ్య గాలి పీడనంలో ఉండే తేడాను అది చూపిస్తుంది.

ఆ తేడా కనీసం 2.5 పాస్కల్ ఉండాలి. నీటి మట్టంలో కొలిస్తే అది పావు మిల్లీమీటరు. తలుపు తెరిచినప్పుడు గాలి లోపలి నుంచి బయటికే పోవడానికి ఆధారం ఆ పావు మిల్లీమీటరే. అది లేకపోతే, లోపలికి పంపే గాలిలోని సూక్ష్మమైన ధూళిని ఆపే హెపా ఫిల్టర్ ఎంత మంచిదైనా కారిడార్‌లోని ధూళి లోపలికి చేరుతుంది. మేము మా థియేటర్లను 12 పాస్కల్ దగ్గర నిలుపుతాము.

రెండేళ్ల కిందట జూన్‌లో, ఈదురుగాలులతో తొలి వానలు పడుతున్న ఒక తెల్లవారుజామున కరెంటు పోయి, లోడ్ జనరేటర్ మీదికి మారింది. ఆ కొన్ని క్షణాల్లో మూడో థియేటర్ ఏహెచ్‌యూకు ఉన్న వీఎఫ్‌డీ (ఫ్యాన్ వేగాన్ని మార్చే పరికరం) ట్రిప్ అయి ఫ్యాన్ ఆగిపోయింది. ఆ ఏహెచ్‌యూను నడుపుతూ పీడనం విలువను సర్వర్‌కు పంపే చిన్న కంప్యూటర్, అంటే కంట్రోలర్, కూడా ఆగి, మళ్లీ మొదలైంది. తెర మీద మాత్రం 12.3 పాస్కల్ అనే అంకె ఆకుపచ్చ రంగులో అలాగే నిలిచి ఉంది. రాత్రి షిఫ్టు ఆపరేటర్ దాన్ని చూసి అంతా సవ్యంగా ఉందని లాగ్‌బుక్‌లో రాశాడు. ఆరున్నరకు థియేటర్ సిస్టర్ ఫోన్ చేసి, "సార్, గోడ మీద గేజ్ ముల్లు సున్నా దగ్గరుంది, మీవాళ్లేమో బాగానే ఉందంటున్నారు" అన్నారు. ఆ గేజ్‌కు కరెంటూ అక్కర్లేదు, నెట్‌వర్కూ అక్కర్లేదు. మొదటి కేసుకు ముందు ఆమె రోజూ దాన్ని చూసి రిజిస్టర్‌లో రాస్తారు. రోగిని ఇంకా లోపలికి తీసుకురాలేదు కాబట్టి కేసును పక్క థియేటర్‌కు మార్చగలిగాము.

కారణం తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. మా సర్వర్ ప్రతి విలువనూ పదే పదే అడగదు. మార్పు వచ్చినప్పుడు తెలపమని కంట్రోలర్ దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. కంట్రోలర్ ఆగి మొదలైనప్పుడు ఆ నమోదు చెరిగిపోయింది. కబురేదీ రాకపోవడంతో మార్పేదీ లేదని సర్వర్ భావించింది. కమ్యూనికేషన్ తెగిందన్న అలారం వచ్చిన మాట నిజమే కానీ, కరెంటు మారినప్పుడు వచ్చిన నూట నలభై అలారాల మధ్య అది ఎవరి కంటా పడకుండానే దానంతట అదే తొలగిపోయింది. ట్రెండ్ గ్రాఫ్‌లో ఆ గంటన్నర గీత గీసినట్టు తిన్నగా ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నా పీడనం దశాంశ స్థానంలోనైనా కదులుతూనే ఉంటుంది. అంత తిన్నని గీతను వ్యవస్థ అనుమానించకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఇలాంటి పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతిని నిర్ణయించే ప్రమాణం బ్యాక్‌నెట్. వ్యవస్థ అమర్చినవారు దాని ప్రకారం తప్పేమీ లేదన్నారు. 1995 నుంచి ఉన్న ఆ ప్రమాణంలోనే నమోదుకు గడువు పెట్టి, మళ్లీ మళ్లీ నమోదు చేయించే వీలుంది. వారు గడువు లేకుండా వదిలేశారు. ఇప్పుడు ఐదు నిమిషాల గడువు పెట్టించాము, ప్రతి అంకె పక్కన అది చివరిసారి వచ్చిన సమయం కనిపించేలా చేయించాము, పది నిమిషాలు కదలని పీడనానికి వేరే అలారం పెట్టించాము. అప్పటి నుంచి ఇబ్బంది లేదు.

మొదటి ఏడాదిలో, ఖాళీ థియేటర్లలో రాత్రిపూట గాలి తగ్గించడం వల్ల కలిగే విద్యుత్ ఆదాను నేను చాలామంది దగ్గర మెచ్చుకున్నాను. ఆదా ఇప్పటికీ ఉంది కానీ, అత్యవసర థియేటర్లను ఆ పద్ధతి నుంచి తప్పించాక అప్పట్లో చెప్పినంత లేదు.

రాత్రి ఒక్క ఆపరేటర్ మాత్రమే ఉండే మావంటి చోట ఈ వ్యవస్థ లేకుండా పని జరగదు కాబట్టి, కొనవద్దని నేను అనలేను. మార్పులన్నీ పట్టుబట్టి చేయించే ఇంజినీరు లేని చిన్న నర్సింగ్ హోమ్‌కు మాత్రం ధైర్యంగా సూచించలేను. మా ఆపరేటర్లు ఇప్పుడు ప్రతి షిఫ్టులో ఒకసారి గోడ గేజ్ దగ్గరికి నడిచి వెళ్లి, ముల్లు చూపేదీ తెర చూపేదీ పక్కపక్కనే రాసి సంతకం పెడుతున్నారు.