నెలలు నిండని బిడ్డకి కెఫీనా, అమైనోఫిలినా? ఏది మేలు?

పుంగనూరు నుంచి తిరుపతికి బిడ్డను తెచ్చుకున్న మా చుట్టాలామె ఫోన్ చేసి, కాఫీలో ఉండే మందు నా బిడ్డకి ఎక్కిస్తా ఉండారంట అక్కా, ఏమీ కాదు కదా అని ఏడ్చింది. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తా ఉండా.

ఏడో నెలలో పుట్టిన బిడ్డకి మెదడులో ఊపిరిని నడిపించే భాగం ఇంకా ముదిరి ఉండదు, అందుకే నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతాది. 20 సెకన్లు ఆగినా, తక్కువ సేపే ఆగి గుండె నెమ్మదించినా, ఆక్సిజన్ పడిపోయినా అప్నియా అంటారు. మానిటర్ కూస్తే సిస్టర్ వచ్చి అరికాలు మీద వేలితో తడతాది, బిడ్డ ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీస్తాది. మాటిమాటికీ వస్తా ఉంటే మాత్రం మందు కావాల.

కాఫీలో ఉండే ఆ కెఫీన్, అమైనోఫిలిన్ రెండూ ఒకే జాతి మందులు, ఊపిరి ఆగడాన్ని తగ్గించడంలో రెండూ పనిచేస్తాయి. అమైనోఫిలిన్ చవక, చానా కాలంగా వాడతా ఉన్నదే, కానీ పనిచేసే మోతాదుకీ చెడు చేసే మోతాదుకీ మధ్య సందు చానా తక్కువ, కొంచెం ఎక్కువైతే గుండె దడదడలాడతాది, పాలు ఇమడవు, రోజుకి రెండు మూడు సార్లు ఇయ్యాల, రక్తంలో మందు ఎంతుందో చూస్తా ఉండాల. కెఫీన్ సిట్రేట్, అంటే బిడ్డకి మందుగా ఇచ్చే కెఫీన్, ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తాది, మొదటి డోసు తర్వాత రోజుకి ఒక్కసారి చాలు.

నాకు ముఖ్యమనిపించేది తర్వాతి ఎదుగుదల. 500 నుంచి 1250 గ్రాముల బరువుతో పుట్టిన 2006 మంది పిల్లల్లో సగం మందికి కెఫీన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చి ఏళ్ళ తరబడి చూసినారు, క్యాప్ ట్రయల్ అంటారు దాన్ని. ఏడాదిన్నర దాటినాక సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని చేతులు కాళ్ళు సరిగా కదలకపోవడం) కెఫీన్ పిల్లల్లో 4.4 శాతం, మిగతావాళ్ళలో 7.3 శాతం. ఊపిరితిత్తుల జబ్బు కూడా తగ్గింది. ఐదేళ్ళకి తేడా తగ్గిపోయింది, కానీ 11 ఏళ్ళప్పుడు చేతులు కాళ్ళ కదలికల్లో ఇబ్బంది కెఫీన్ పిల్లల్లోనే తక్కువ. చదువులో, నడవడికలో పెద్ద తేడా రాలేదు, అయితే చెడు మాత్రం జరగలేదు. మొదటి మూడు వారాలు బరువు కాస్త నిదానంగా పెరుగుతాది, తర్వాత సర్దుకుంటాది.

అమైనోఫిలిన్ మీద ఇంత పెద్ద స్టడీ, ఇన్నేళ్ళు చూసింది లేదు. అందుకే కెఫీన్ దొరికే చోట నేను కెఫీనే అంటాను. లేనిచోట డాక్టర్ అమైనోఫిలిన్ మొదలుపెడితే వద్దని అడ్డం పడొద్దండి, ఊపిరి ఆగతా ఉంటే కెఫీన్ కోసం కాచుకుని కూచోవడమే ప్రమాదం. గుండె స్పీడు ఎంతుంది, పాలు తాగతా ఉందా అని రోజూ అడగండి.

ఒక్క మాట, ఎంత పల్చగా చేసినా ఇంట్లో కాఫీ డికాషన్ బిడ్డ నోట్లో పోయొద్దు, మందు వేరు అది వేరు. డిశ్చార్జ్ అయినాక కంటి పరీక్ష, చెవి పరీక్ష, ఎదుగుదల చెకప్ ఏదీ మానొద్దు, బిడ్డ బాగుంది కదా అని ఊళ్ళోనే ఉండిపోతారు చానామంది.