గంటల లెక్కన మేస్త్రీ: ఏ పనికి పిలవాలి, ఏ పనికి వద్దు

ఇంటి పనికి మేస్త్రీని గంటల లెక్కన, అంటే మన దగ్గర రోజుకూలీకి, పెట్టుకోవడం గోడలోనో నేలలోనో కప్పబడిపోయే పనులకు చాలా మంచి పద్ధతి. టేపు పెట్టి కొలిచి చూపగల పనికి మాత్రం గుత్తే మేలు.

గుత్తకు ఒప్పుకున్నవాళ్లకు తొందర ఉంటుంది. తప్పు వాళ్లది కాదు, పని ఎంత త్వరగా తెమిలితే అంత మిగులుతుంది మరి. 9 అంగుళాల గోడ కట్టుబడిలో ఆ తొందర దాగదు. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే వంకర తేలిపోతుంది. బాత్రూం నేల అలా కాదు. పాత టైల్స్ పగలగొట్టాక నహానీ ట్రాప్ (నేల నీళ్లు బయటికి పోయే జాలీ కింది అమరిక) చుట్టూ వదులైన సిమెంటు మాలంతా తీసేసి కొత్తగా పూడ్చాలి. వాటర్‌ప్రూఫింగ్ రెండు కోటింగులు వేయాలి, మొదటిది ఆరకముందే రెండోది వేయకూడదు. తర్వాత 24 గంటలు నీళ్లు నిలిపి కింది గది సీలింగ్ చూడాలి. చెమ్మ లేదని తేలాకే ట్రాప్ వైపు వాలు పెట్టి టైల్స్ పరవాలి. ఇందులో సగం పని ఆగడమే. గుత్తలో ముందు ఎగిరిపోయేది ఆ ఆగడమే, లీకు బయటపడేసరికి ఏడాది గడుస్తుంది. రోజుకూలీలో ఆ ఒత్తిడి ఉండదు. నీళ్లు నిలిపిన రోజున మేస్త్రీని రావద్దనండి, ఆ కూలి మీకు మిగులుతుంది.

ఇక ఈ పద్ధతిలో డబ్బు పోయేది ఎక్కువగా యజమాని వైపు నుంచే. ఉదయం 9కి మేస్త్రీ వస్తాడు. ఇసుక జల్లించి లేదు, డ్రమ్ములో నీళ్లు లేవు, సిమెంటు ఇంకా షాపులోనే ఉంది. తాపీ గోడకు తగిలేసరికి 11 అవుతుంది. ఇవన్నీ ముందురోజు సాయంత్రమే సిద్ధంగా ఉండాలి. కట్టుబడి ఉంటే ఇటుకలు తడిసి ఉండాలి. సహాయకుల లెక్క కూడా ముఖ్యం. కింది అంతస్తులో ఒక మేస్త్రీకి ఒక కూలీ చాలు. పై అంతస్తుకు మోయాలంటే ఇంకొకరు కావాలి. ఆ ఒక్క కూలి మిగుల్చుకుందామని చూస్తే, ఎక్కువ కూలి తీసుకునే మేస్త్రీయే తట్ట మోస్తూ కనిపిస్తాడు.

పని సాగుతోందా లేదా అన్నది గడియారం కంటే సిమెంటు బస్తాలు బాగా చెబుతాయి. లోపలి గోడకు 12 మిల్లీమీటర్ల పూత 1:4 పాళ్లలో (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) వేస్తే 100 చదరపు అడుగులకు దాదాపు ఒక బస్తా, 5 ఘనపుటడుగుల ఇసుక పడతాయి. అంతే మేరకు బస్తాన్నర దాటిందంటే పూత మందం 20 మిల్లీమీటర్లకు పోతోందన్నమాట. కారణం చాలాసార్లు పూత మేస్త్రీ కాదు, ముందు కట్టిన గోడ వంకర. రోజు ఎందుకు పెరిగిందో అక్కడే తెలుస్తుంది. అతన్ని తిట్టి లాభం లేదు.

సాయంత్రం 5 తర్వాత కొత్త మాలు కలపనివ్వకండి. నీళ్లు కలిపిన రెండు గంటల్లో వాడేయాల్సిన సరుకది. మిగిలిందాన్ని పొద్దున్నే మళ్లీ నీళ్లు పోసి కలిపితే గోడకు పట్టదు, ఆరాక గుల్లగా మోగుతుంది.

పనిలో దిగేముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. భోజనం గంట లెక్కలోకి వస్తుందా? ఒక పూట పనికి సగం కూలా, మొత్తమా? 6 దాటితే గంటకు ఎంత? పైపులకు గోడలో గాడి కొట్టే మిషను అద్దె ఎవరిది? అడ్వాన్సు మూడు రోజుల కూలికి మించనీయకుండా శనివారం శనివారం లెక్క తేల్చేయండి. వచ్చిన టైము, వెళ్లిన టైము, ఎంతమంది, ఎన్ని బస్తాలు అన్నది రోజూ పుస్తకంలో రాసి ఇద్దరూ చూసుకుంటే వారాంతంలో మాటా మాటా రాదు.

ఫోన్ యాప్‌లో గంటకు దొరికే ప్లంబర్, ఎలక్ట్రీషియన్ కుళాయి మార్చడానికి, స్విచ్చు బాగుచేయడానికి సరిపోతారు. కొత్త ఇంటి వైరింగ్‌కు మాత్రం పాయింటుకు (లైటు, ఫ్యాను, ప్లగ్గు ఒక్కోదానికి) ఇంత అని మాట్లాడుకోవడమే మంచిది.

గోడ గాడిలో పైపు వేసిన రోజున మాత్రం తొందర అసలు వద్దు. అతుకులు ఆరనిచ్చి, మరునాడు ప్రెషర్ పంపు పెట్టి చూసి, పక్కన టేపు పెట్టి ఫోటో తీసుకున్నాకే గాడి మూయించండి. పైన రెండు వైపులా 4 అంగుళాలు దాటేలా చికెన్ మెష్ (సన్న ఇనుప తీగల వల) కొట్టిస్తే పూత ఆ గీత వెంట పగలదు.