డేటాబేస్ పాస్‌వర్డ్: ఫైల్‌లో మేలా, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మేలా?

పాస్‌వర్డ్‌ని కోడ్‌లో రాయకూడదని ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. అక్కడినుంచి తీసి ఎక్కడ పెట్టాలన్నదే అందరూ అడుగుతున్నారు. ఈమధ్య నా ప్రాజెక్టులో నేనూ అదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు బయటినుంచి దానికి అందించే విలువ. వీటిని బాగా ప్రచారంలోకి తెచ్చింది, వెబ్ యాప్‌లు ఎలా కట్టాలో చెప్పే 2011 నాటి ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్ పద్ధతి. కోడ్ మొత్తాన్ని ఈ క్షణమే ఓపెన్ సోర్స్ చేసేసినా ఏ పాస్‌వర్డూ బయటపడకూడదన్నది అందులోని పరీక్ష. వేరియబుల్ ఇందులో నెగ్గుతుంది. కోడ్ ఫోల్డర్‌కి బయట పెట్టిన ఫైలూ నెగ్గుతుంది.

లీకుల విషయానికొస్తే వేరియబుల్ కాస్త వదులు. ఆ ప్రోగ్రామ్ మొదలుపెట్టే చైల్డ్ ప్రాసెస్‌లకి మామూలుగా దాని కాపీ వెళ్తుంది. ప్రోగ్రామ్‌ని డాకర్ కంటైనర్‌లో నడుపుతుంటే, దాని వివరాలు చూపే డాకర్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొడితే ఉన్నదున్నట్టు కనబడుతుంది. పీహెచ్‌పీ సెట్టింగులన్నీ చూపించే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీని ఎవరైనా సర్వర్‌లో మర్చిపోతే అందులోనూ బయటపడొచ్చు. ఫైల్‌కైతే యజమాని తప్ప ఇంకెవరూ చదవలేని 600 పర్మిషన్ పెట్టుకోవచ్చు. లైనక్స్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ క్లయింట్ తన పాస్‌వర్డ్ ఫైల్‌కి అంతకన్నా వదులుగా పర్మిషన్ ఉంటే దాన్ని అసలు చదవదు.

నేను మాత్రం లీకుల కన్నా ఇంకోటి ముఖ్యమనుకుంటాను: పాస్‌వర్డ్ మార్చాల్సి వస్తే ఎంతసేపు పడుతుంది? ఒకప్పుడు నేను పనిచేసిన చోట పాస్‌వర్డ్ గిట్‌లోకి, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచే చోటికి, వెళ్లిపోయింది. తర్వాతి కమిట్‌లో తీసేశాం కానీ పాత హిస్టరీలో అలాగే ఉంది, కాబట్టి మార్చక తప్పదు. దాన్ని ఏయే సర్వీసులు వాడుతున్నాయో, ఏవి రీస్టార్ట్ చేయాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ రాత్రంతా టెన్షనే.

నడుస్తున్న ప్రాసెస్‌లో వేరియబుల్ మార్చాలంటే మామూలుగా రీస్టార్ట్ చేయాల్సిందే. ఫైల్ అయితే, కొత్త కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ చదివేలా కోడ్ రాసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 8.0.14 వెర్షన్ నుంచి ఒకే యూజర్‌కి పాతా కొత్తా పాస్‌వర్డ్‌లు రెండూ కొంతకాలం పనిచేసేలా పెట్టొచ్చు. ముందు కొత్తది చేర్చి, ఫైల్ మార్చి, అన్ని సర్వీసులూ కొత్తదానికి మారాక పాతది తీసేస్తే చాలు. అందుకే నా ఓటు ఫైల్‌కే.

పాస్‌వర్డ్‌లని భద్రంగా దాచి, అడిగినవాళ్లకి ఇచ్చే వాల్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంకో మెట్టు పైన. అడిగినప్పుడల్లా కొత్త డేటాబేస్ యూజర్‌ని తయారుచేసి, గడువు తీరగానే తీసేయగలవు. కానీ వాల్ట్‌లోకి వెళ్లడానికీ ఒక తాళంచెవి కావాలిగా, అదెక్కడ పెడతారు? సర్వీసులు పదులకొద్దీ ఉంటే ఆ శ్రమ తగినదే, రెండు మూడుకి దండగ. కంటైనర్లని నడిపించే కుబర్నెటీస్‌లో పాస్‌వర్డ్‌లు పెట్టే సీక్రెట్స్‌లో కనిపించే బేస్64 ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా తిరిగి చదవగలిగే రాత మాత్రమే, అది గుర్తుంటే చాలు. వేరియబుల్స్‌ని రాసి కోడ్ ఫోల్డర్‌లోనే పెట్టే డాట్ ఎన్వ్ ఫైల్ సొంత లాప్‌టాప్‌లో పనికి బాగానే ఉంటుంది, గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్ ఇగ్నోర్‌లో చేర్చడం మరవకపోతే.

ఫైల్ పెట్టుకున్నాక నేనూ ఒకటి చూసుకోలేదు. రోజూ రాత్రి తీసే బ్యాకప్‌లోకి ఆ ఫైలూ వెళ్తోంది. వారం తర్వాత గమనించి, ఆ ఫోల్డర్‌ని బ్యాకప్ నుంచి తప్పించి, పాస్‌వర్డ్ మార్చేశాను. ఒక్క సర్వీసు కూడా ఆపాల్సిన పని రాలేదు.