సగం ధర హోస్టింగ్‌లో రెండున్నరేళ్లు

గుంటూరు, విజయవాడ రక్తదాతల వివరాలుండే సైటు మాది. నడిపేది అయిదుగురం, ఆఫీసంటే బ్రాడీపేట నాలుగో లైన్లో ఒకరింటి మేడ మీద గది. ఖర్చు మా జేబుల్లోంచే. పాత హోస్టింగ్, అంటే సైటు ఉండే సర్వర్ అద్దె, మొదటి ఏడాది రెండు వేలలోపే. రెన్యువల్ బిల్లు వచ్చేసరికి 7,800, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. చేరేటప్పుడు ఆ రెండో ధర ఎవరు చూస్తారు? మేమూ చూడలేదు. 2023 వేసవిలో చిన్న వీపీఎస్ (మనమే నడుపుకోవాల్సిన అద్దె సర్వర్) ఒకటి తీసుకున్నాం. పన్నుతో కలిపి ఏడాదికి నాలుగు వేలు దాటలేదు.

మారిన రోజు మాత్రం చెమటలు పట్టాయి. డేటాబేస్ దించి, కొత్తచోట ఎక్కించి, సైటు తెరిస్తే ‘సుబ్బారావు’ అని ఉండాల్సిన చోట వరసగా పది ప్రశ్నార్థకాలు! దాతలందరి పేర్లూ అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న బ్లడ్ గ్రూపు మాత్రం చెక్కు చెదరలేదు. దించేటప్పుడు క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాలను దాచే పద్ధతి, లాటిన్1 అని ఉండిపోయింది. అందులో తెలుగుకు చోటే లేదు. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అని పెట్టి మళ్లీ దించితే పేర్లన్నీ తిరిగొచ్చాయి. పాత ఖాతా ఇంకా మూయలేదు కాబట్టి బతికిపోయాం. మీరు మారినా ఒక నెల దాన్ని అలాగే ఉంచండి, ఆ డబ్బు దండగ అనుకోవద్దు.

మెయిళ్లు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు కొత్తచోట రాయడం మరిచి రెండు రోజులు మెయిళ్లు పోగొట్టుకున్నాం. అది పూర్తిగా మా తప్పే.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరు 1న. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఆ రాత్రి సైటు మీదికి జనం ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఒక జీబీ ర్యామ్ చాలక, డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ రెండుసార్లు ఆగిపోయింది. పాతచోట అయితే కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) పెట్టి ఎదురుచూసేవాళ్లం. ఇక్కడ ఫోన్లోంచే రీస్టార్ట్ చేసి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడే చోటు) పెంచి, పేజీలకు క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ చూపడం) పెట్టేసరికి తెల్లవారింది. ఆ తర్వాత మళ్లీ పడలేదు.

సుఖం అక్కడితో సరి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు అన్నీ మన నెత్తినే. సైటు సురక్షితమని బ్రౌజర్‌కు చూపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే, 90 రోజుల గడువులోపు తనంతట తానే రెన్యూ అయిపోతుంది. కానీ ఫైర్‌వాల్ సర్దుతూ, రెన్యువల్ తనిఖీ వచ్చే దారైన 80 పోర్టు మూసేసింది మేమే. రెన్యువల్ ఆగిపోయింది, సైటు తెరిస్తే బ్రౌజర్ సురక్షితం కాదని హెచ్చరించడం మొదలుపెట్టింది. కమాండ్లు తెలిసిన కుర్రాడు మాలో ఒక్కడే. వాడు ఆ రోజు తెనాలిలో పెళ్లిపందిట్లో ఉన్నాడు. భోజనాల బంతి నుంచి లేపి మరీ చేయించాం.

ఇప్పుడు ఇంకొకరం కూడా నేర్చుకున్నాం. చేయవలసినవన్నీ మేడ గదిలో ఒక నోటుబుక్కులో రాసిపెట్టాం. ఈ ఏడాదీ ఇక్కడే కట్టాం, ఇంకో ఎనిమిది వందలు వేసి ర్యామ్ రెండు జీబీ చేయించాం.