ఒంగోలులో కొన్న పశువుల పాక బొమ్మల సెట్టు: ఐదేళ్ల పిల్లకు ఎంతవరకు పనికొచ్చింది

ఒంగోలు ట్రంకు రోడ్డులోని ఒక ఫ్యాన్సీ దుకాణంలో డిసెంబరు మొదట్లో 850 రూపాయలకు ఈ సెట్టు కొన్నాము. ఐదేళ్ల మా మనవరాలికి అప్పటివరకు క్రిస్మస్ అంటే కొత్త గౌను, కేకు, క్రిస్మస్ తాత ఇచ్చే బహుమతి. పండుగ ఎవరి పుట్టుక కోసమో ఆటలోనే తెలుస్తుందని, రంగు దీపాలకు పెట్టవలసిన డబ్బును దీనికి పెట్టాము.

పెట్టెలో చెక్క పాక, శిశువును పడుకోబెట్టిన పశువుల మేత తొట్టి, బాలయేసు, తల్లి మరియ, యోసేపు, గొల్లలు, శిశువును చూడవచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు, దేవదూత, పశువులు ఉన్నాయి. వీరితోపాటు, ఎవరి ఆలోచనో గాని, మూట భుజాన వేసుకున్న క్రిస్మస్ తాత కూడా ఉన్నాడు.

అన్నిటికంటె మెచ్చుకోవలసినది, శిశువు బొమ్మ తొట్టికి అతికి ఉండకపోవడం. అందువల్ల శిశువును బీరువాలో దాచి, ఇరవై నాలుగో తేదీ రాత్రి ఆరాధన నుండి వచ్చాక పెడదామని చెప్పి, ఖాళీ తొట్టిని పాకలో ఉంచగలిగాము. ఎన్నిసార్లు చెప్పినా చెవిని పెట్టని యేసు పుట్టుక కథను పిల్ల ఆ తొట్టిని చూశాక తానే అడిగి చెప్పించుకుంది. మరియ, యోసేపులకు సత్రంలో చోటు లేదన్న లూకా సువార్త మాట దగ్గర ఆగి, "అమ్మమ్మా, మరి బాబుకి చలెయ్యదా?" అని అడిగి, పెరట్లోని ఎండుగడ్డి తెచ్చి పరిచి, అది గుచ్చుకుంటుందని తన చేతిరుమాలు పైన వేసింది. జ్ఞానుల చేతుల్లోని బంగారం, సాంబ్రాణి, బోళం శిశువు కోసం తెచ్చినవని తెలిశాక, క్రిస్మస్ తాత మూటలో బాబుకి ఏముందని ఆరా తీసి, సరైన జవాబు రాకపోవడంతో ఆయనను వరుసలో అందరికంటె వెనక్కి నెట్టింది.

పశువుల విషయంలో తయారీదారులకు మన ప్రాంతం తెలియదు. ఎద్దుకు మూపురం లేదు. ఒంగోలు గిత్తలను చూస్తూ పెరుగుతున్న పిల్ల దానిని ఎద్దుగా ఒప్పుకోలేదు. నెల్లూరు గొర్రెకు ఉండేవి పొట్టి వెంట్రుకలే కనుక, ఒళ్లంతా ఉన్నితో ఉన్న ఈ గొర్రెలను కుక్కపిల్లలనుకుంది. నిజానికి ఎద్దు, గాడిద అక్కడ ఉన్నట్టు సువార్తలలో లేదు, జ్ఞానులు ముగ్గురని కూడా లేదు. వారు శిశువును చూసింది ఒక ఇంట్లోనని మత్తయి సువార్తలో ఉంది గనుక, వారిని పాకకు దూరంగా టీవీ బల్లపై నిలబెట్టాము.

నాణ్యత మాత్రం ధరకు తగినట్టు లేదు. బొమ్మలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వి. చేతికి రంగు అంటుతుంది, దేవదూత రెక్క వారం తిరగకముందే విరిగింది. గొర్రెలు మరీ చిన్నవి కనుక, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంటికి ఇది తగదు. విరిగిన బొమ్మకు బదులు విడిగా ఇవ్వబోమని దుకాణంవారు చెప్పారు. కొనదలచినవారు పెట్టె అక్కడే విప్పించి, రెక్కలు, కాళ్లు సరిగా ఉన్నాయో లేదో, ముఖ్యంగా శిశువు తొట్టిలోనుండి పైకి వస్తుందో లేదో చూసుకొని డబ్బు చెల్లించడం మంచిది.